ముందు రైలును గీయండి: ఆర్‌సీసీ ప్లాట్‌ఫారం, దాని పైకప్పు డిజైన్ చేయడం ఎలా

ప్లాట్‌ఫారం డిజైన్ పని చేతికి రాగానే చాలామంది ముందుగా పైకప్పు బొమ్మ వేస్తారు. రెక్కలు చాచిన కొంగలా ఉండాలనో, తెరచాపలా ఉండాలనో ఒక ఊహ ఉంటుంది. ఆ తర్వాత దాని కింద స్తంభాలు, స్తంభాల కింద గచ్చు వేసి, చివరికి ఒక పక్కన రెండు గీతలు గీసి ఇవి పట్టాలు అంటారు. ఈ వరుసను తలకిందులు చేయండి. కదిలే రైలు, పైనుంచి పడే నీళ్లు మీ మాట వినవు. మీ గీతలే వాటికి చోటివ్వాలి. అందుకే ఇక్కడ రైలుతో మొదలుపెట్టి, నీళ్లు వెళ్లే దారి వెంట నడుస్తూ, చివరికి కప్పు చేరుకుందాం.

ఇందులోని లెక్కలు దారి చూపడానికే. మీ లైనుకు వర్తించే కొలతల పట్టిక, మీరు అనుసరించే కోడ్, అంటే కట్టడాల నియమావళి, ఏం చెబితే అదే చివరి మాట.

1. రైలు ఆక్రమించే చోటును కొలవండి

ఖాళీ కాగితం మీద మొదట గీయవలసింది పట్టాల పైభాగపు మట్టం, ట్రాక్ మధ్యరేఖ. ప్లాట్‌ఫారం తాలూకు ప్రతి కొలతనూ ఈ రెండింటి నుంచే చెప్పాలి. నేల మట్టం నుంచి చెప్పారంటే పని మధ్యలో తగాదా ఖాయం.

ప్లాట్‌ఫారం ఎత్తు మీరు ఎంచుకునేది కాదు, అక్కడ ఆగే పెట్టెల గడప ఎత్తు ఎంచుకునేది. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో సాధారణంగా 550 లేదా 760 మి.మీ., బ్రిటన్‌లో 915 మి.మీ., భారతీయ రైల్వేల ఎత్తైన ప్లాట్‌ఫారాలకు 760 నుంచి 840 మి.మీ., అమెరికాలోని ఎత్తైన ప్లాట్‌ఫారాలకు 1219 మి.మీ. ఒకే ప్లాట్‌ఫారానికి రెండు రకాల రైళ్లు వస్తాయంటే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి. గచ్చు పోశాక తేలదు.

అంచు దూరం ఇంకా బిగువైన వ్యవహారం. భారతీయ బ్రాడ్‌గేజ్‌లో ట్రాక్ మధ్యరేఖ నుంచి ప్లాట్‌ఫారం అంచు 1670 నుంచి 1680 మి.మీ. మధ్యలో ఉండాలి. అంటే మీ చేతిలో ఉన్నది పది మిల్లీమీటర్లు. గోడ అక్కడికక్కడే పోసి, వందల మీటర్ల పొడవునా ఆ పది మిల్లీమీటర్లలో నిలబెట్టడం మానవమాత్రుల పని కాదు. అందుకే గోడను కాస్త వెనక్కి పోసి, అంచు పలకలను, అంటే కోపింగ్‌ను, చివర్లో ట్రాక్‌ను మళ్లీ కొలిచి అమర్చాలి. ఈ ఏర్పాటును డ్రాయింగులోనే చూపండి. మేస్త్రీ తెలివికి వదిలేయకండి.

మలుపులో ఈ లెక్క మారుతుంది. పెట్టె నిటారైన డబ్బా, ట్రాక్ వంపు. పెట్టె నడుము మలుపు లోపలి వైపుకు, దాని కొసలు బయటి వైపుకు జరుగుతాయి. నడుము ఎంత జరుగుతుందో చెప్పడానికి ఒక చిన్న సూత్రం చాలు: బోగీల (ఇక్కడ పెట్టెలు కాదు, పెట్టె కింద ఉండే రెండు చక్రాల చట్రాలు) మధ్య దూరపు వర్గాన్ని, మలుపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. బోగీల మధ్య 14.9 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 500 మీటర్లు అయితే సుమారు 55 మి.మీ. వస్తుంది. కొసలకైతే పెట్టె పూర్తి పొడవు వర్గంలోంచి బోగీల దూరపు వర్గాన్ని తీసేసి, అదే భాజకంతో భాగించాలి. 23.5 మీటర్ల పెట్టెకు సుమారు 83 మి.మీ. ప్లాట్‌ఫారం మలుపు లోపల ఉంటే మొదటి అంకె, బయట ఉంటే రెండోది మీకు పనికొస్తుంది.

దీనికి తోడు క్యాంట్ ఉంది. మలుపులో బయటి పట్టాను ఎత్తుతారు కాబట్టి రైలు లోపలికి ఒరుగుతుంది. పట్టాల మధ్యల మధ్య 1500 మి.మీ., క్యాంట్ 60 మి.మీ. అనుకుంటే, ప్లాట్‌ఫారం ఎత్తులో, అంటే 800 మి.మీ. దగ్గర, ఒరుగుదల 32 మి.మీ. మాత్రమే. కానీ నాలుగు మీటర్ల ఎత్తులో అదే 160 మి.మీ. అవుతుంది. అంచు సరిపోయింది కదా అని కప్పు చూరును దాని తిన్నగా పైకి గీసేసిన డ్రాయింగులు నేను చూశాను. రైలు పైభాగం చూరుకు తగిలేది అలాంటి చోటే. మలుపులో ప్రతి పది మీటర్లకూ ఒక అడ్డకోత గీసి, రైలు బొమ్మను ఒరిగించి పెట్టి చూడండి.

ఇంకో మాట. ట్రాక్ కదులుతుంది, ప్లాట్‌ఫారం కదలదు. యంత్రంతో కంకరను సర్దిన ప్రతిసారీ పట్టాలు కాస్త పైకి లేస్తాయి, పక్కకు జరుగుతాయి. నేను పని చేసిన ఒక చోట అంచు పలకలు అద్దంలా అమరాయని మురిసిపోయాం. కొద్ది నెలలకు ట్రాక్ పని జరిగింది. కొలిస్తే అక్కడక్కడా నలభై మిల్లీమీటర్ల దాకా తేడా వచ్చింది. తప్పు ఎవరిదని రెండు విభాగాలు ఉత్తరాలు రాసుకున్నాయి. అసలు లోపం డ్రాయింగులోనే ఉంది. పట్టాలు ఏ మట్టంలో, ఏ దూరంలో ఉండాలో చెప్పే గుర్తు పలకలను గోడ ముఖానికి బిగించాలని ఎవరూ రాయలేదు. మీరు రాయండి. ఇరవై మీటర్లకొకటి చాలు.

2. జనం ఎక్కడ నిలబడతారో ఊహించండి

వెడల్పు లెక్క సులువుగానే కనిపిస్తుంది. ఇబ్బంది లేకుండా వేచి ఉండే మనిషికి సుమారు 0.9 చదరపు మీటరు కావాలి. రద్దీ వేళ 1200 మంది, ఉపయోగపడే పొడవు 250 మీటర్లు అనుకుంటే, నిలబడటానికే 4.3 మీటర్ల వెడల్పు తేలుతుంది. దీనికి అంచు దగ్గర ఎవరూ నిలబడకూడని పట్టీని, స్తంభాలు, బెంచీలు ఆక్రమించే నడిమి పట్టీని, నడిచే దారిని కలపాలి.

కానీ ఈ లెక్కలో ఒక మోసం ఉంది. జనం 250 మీటర్లలో సమంగా పరుచుకుంటారని అది నమ్ముతుంది. వాన వచ్చినా, ఎండ కాసినా అందరూ కప్పు కిందికి చేరతారు. కప్పు 80 మీటర్లే వేస్తే 1200 మందీ ఆ 80 మీటర్లలోనే ఉంటారు. అప్పుడు ఒక్కొక్కరికి మిగిలేది 0.3 చదరపు మీటరు కూడా కాదు. మెట్ల దగ్గర కప్పు మొదలైతే మెట్ల నోరే మూసుకుపోతుంది. జనాన్ని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించేది కప్పే. డబ్బు మొత్తం పొడవుకు చాలకపోతే, ఒకే పెద్ద కప్పు కన్నా విడివిడిగా రెండు మూడు చోట్ల వేయడం మేలు.

కప్పు ఎంత దూరం కాపాడుతుందో కూడా కొలవండి. చూరు గచ్చుకు 3.2 మీటర్ల ఎత్తులో ఉండి, వాన జల్లు నిట్టనిలువుకు 30 డిగ్రీల వాలులో కొడితే, 1.85 మీటర్ల లోపలి వరకూ తడుస్తుంది. చూరు ఎత్తు పెంచుతున్న కొద్దీ తడి లోపలికి జరుగుతుంది. ఎత్తైన కప్పు ఫొటోలో బాగుంటుంది, దాని కింద నిలబడిన మనిషి మోకాళ్లు తడుస్తాయి.

3. ప్లాట్‌ఫారం ఒళ్లు ఎలా ఉండాలి

మూడు దారులున్నాయి. రెండు గోడల మధ్య మట్టి నింపి పైన గచ్చు వేయడం మొదటిది. ఎల్ ఆకారపు ప్రీకాస్ట్ గోడ ముక్కలను వరుసగా నిలిపి వెనక నింపడం రెండోది. పొట్టి స్తంభాల మీద దూలాలు, స్లాబు పరిచి కింద ఖాళీ వదలడం మూడోది.

నేల గట్టిగా ఉండి, రైళ్ల రాకపోకలు తక్కువగా ఉంటే మొదటిది చవక. నడుస్తున్న లైను పక్కన, రాత్రి పూట దొరికే రెండు మూడు గంటల వ్యవధిలో పని చేయాలంటే రెండోదానికే నా ఓటు. ముక్కలు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, ట్రాక్ పక్కన సెంట్రింగ్ అవసరం ఉండదు. నేల మెత్తగా ఉన్నా, గట్టు మీద ప్లాట్‌ఫారం కట్టాల్సి వచ్చినా మూడోదాన్ని చూడండి. మట్టి బరువు తప్పుతుంది, కేబుళ్లకు కింద దారి దొరుకుతుంది. కాకపోతే ఆ ఖాళీలోకి చెత్త, జంతువులు చేరకుండా చూడాలి, తనిఖీ మనిషి దూరడానికి చోటు వదలాలి.

ఏ దారి ఎంచుకున్నా అంచు పలక గోడ ముఖం కన్నా ముందుకు, సుమారు 300 మి.మీ., చొచ్చుకురావాలి. పట్టాల మీదికి జారిపడ్డ మనిషి గోడకు అతుక్కుని దాక్కోవడానికి ఆ నీడే దిక్కు.

4. గోడ లెక్క

ఎల్ ఆకారపు గోడనే తీసుకుందాం. పునాది అడుగు నుంచి గచ్చు దాకా 2 మీటర్ల ఎత్తు. వెనక నింపిన ఇసుక మట్టి ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు), ఘర్షణ కోణం 30 డిగ్రీలు. అప్పుడు పక్క ఒత్తిడి గుణకం మూడింట ఒకటి. గచ్చు మీద జనం బరువు చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు. గుంపులు చేరే చోట్లకు చాలా కోడ్‌లు చెప్పే అంకె ఇదే.

మీటరు పొడవు గోడ మీద మట్టి తోపు 12 కిలోన్యూటన్లు. అది అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి దాని మూమెంట్, అంటే గోడను అడుగు దగ్గర వంచే ప్రభావం (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది), 8. జనం బరువు వల్ల పక్కకు వచ్చే తోపు 3.3 కిలోన్యూటన్లు, నడిమి ఎత్తులో, మూమెంట్ 3.3. మొత్తం సుమారు 11.3 కిలోన్యూటన్ మీటర్లు. చిన్న అంకె, 200 మి.మీ. గోడ నిశ్చింతగా మోస్తుంది.

ఇప్పుడు వెనక నీళ్లు నిలిచాయనుకోండి. నీటి తోపు ఒక్కటే 19.6 కిలోన్యూటన్లు, దాని మూమెంట్ 13. నీటిలో మునిగిన మట్టి తేలికవుతుంది కాబట్టి దాని వాటా మూడున్నరకు తగ్గుతుంది. జనం వాటా అలాగే ఉంటుంది. మొత్తం 20కి చేరింది. పొడి మట్టికి గీసిన గోడ మీద ముప్పావు వంతు అదనపు భారం పడింది. ఒరిగిన ప్లాట్‌ఫారం గోడ కనిపిస్తే దాని వెనక చూడవలసింది మట్టిని కాదు, నీటిని.

కాబట్టి గోడ వెనక కంకర పొర, దాని అడుగున రంధ్రాలున్న గొట్టం, గోడలో నీటి రంధ్రాలు తప్పనిసరి. రంధ్రాల వెనక వడపోత గుడ్డ పెట్టకపోతే మట్టి కొట్టుకొచ్చి ట్రాక్ కంకరలో చేరుతుంది. అది ఇంకో విభాగంతో ఇంకో తగాదా. రంధ్రాల నీరు ట్రాక్ పక్క కాలువలోకే పోవాలి, కంకర కిందికి కాదు.

పునాది వెడల్పును ఎత్తులో 0.6 వంతుతో మొదలుపెట్టి, ఒరగడానికి, జారడానికి, నేల ఒత్తిడికి సరిచూడండి. తవ్వేటప్పుడు స్లీపరు కొస నుంచి ఒకటికి ఒకటి వాలులో కిందికి ఒక గీత ఊహించుకోండి. మీ గుంత ఆ గీతను కోసిందంటే ట్రాక్ కింద ఆధారాన్ని తవ్వుతున్నారని అర్థం. అక్కడ మట్టిని నిలిపే అడ్డుపలకలు కావాలి, రైళ్ల వేగం తగ్గించాలి.

వెనక నింపే మట్టిని 200 మి.మీ. పొరలుగా దిమ్మిస చేయించండి. ప్లాట్‌ఫారం గచ్చు పగుళ్లలో ఎక్కువ భాగం కాంక్రీటు చేసిన పాపం కాదు, దాని కింద తొందరగా కుమ్మరించిన మట్టిది.

5. గచ్చు ఎటు వాలాలి

ట్రాక్ నుంచి దూరంగా వాలాలి. 1:40 నుంచి 1:80 మధ్య వాలు సరిపోతుంది. నీళ్లు వెనక్కి పోవడానికే ఇదని అనుకుంటారు. అసలు కారణం చక్రాలు. బ్రేకు వేయని పిల్లల బండి, చక్రాల కుర్చీ, సామాను బండి తమంతట తాము కదిలితే పట్టాల వైపు కాకుండా వెనక్కి పోవాలి. రెండు వైపులా ట్రాకులున్న ప్లాట్‌ఫారంలో నీరు నడిమికి చేరుతుంది కాబట్టి అక్కడ మూతలున్న కాలువ వేయండి. మూత సందులు ఊతకర్ర కొన ఇరుక్కునేంత వెడల్పు ఉండకూడదు.

అంచు పలక పైభాగం గరుకుగా ఉండాలి, చూపు లేనివారి పాదానికి తెలిసే బొడిపెల పట్టీ దాని వెనకే సాగాలి. ఈ పట్టీని స్తంభం గానీ, కాలువ మూత గానీ తెంపకూడదు.

గచ్చులో జాయింట్ల సంగతి: కాంక్రీటు ప్రతి డిగ్రీకి పొడవులో లక్షవ వంతు సాగుతుంది. 45 మీటర్ల ముక్క 30 డిగ్రీల తేడాకు 13.5 మి.మీ. కదులుతుంది. కనుక 45 మీటర్లకు మించకుండా వ్యాకోచ జాయింటు ఇవ్వండి. కప్పు జాయింటు కూడా సరిగ్గా అదే అడ్డకోతలో రావాలి. కింద ఒకచోట, పైన ఒకచోట వస్తే మధ్యలో ఉన్న స్తంభాన్ని రెండూ చెరో వైపు లాగుతాయి.

6. కప్పు ఆకారం

ఇప్పుడు కొంగ దగ్గరికి వద్దాం.

నడిమి వరుస స్తంభాల మీద రెండు రెక్కలు బయటికి చాచిన కప్పు ప్లాట్‌ఫారాలకు ఇట్టే నప్పుతుంది. రెక్కలు బయటికి వాలితే గొడుగు, లోపలికి వాలితే సీతాకోకచిలుక. గొడుగు కప్పు నీటిని రెండు చూర్ల నుంచి కింద పోస్తుంది. చూరు ప్లాట్‌ఫారం అంచు మీదే ఉంటుంది కాబట్టి రైలు ఎక్కేవాడి నెత్తిన సరిగ్గా ధార పడుతుంది. దానికి చూరు కాలువ తగిలించాలి, ఆ కాలువ రైలు దగ్గర వేలాడుతుంది, బాగు చేయాలంటే రైళ్లు ఆపాలి. సీతాకోకచిలుక నీటిని నడిమి లోయలోకి తెచ్చుకుని స్తంభం పక్కగా దింపుతుంది. చూరు పొడిగా, పలుచగా ఉంటుంది. వీలైన ప్రతిచోటా నేను దీన్నే ఎంచుకుంటాను. లండన్ భూగర్భ రైలు మార్గంలోని లౌటన్ స్టేషన్‌లో 1940లో వేసిన కాంక్రీటు రెక్కలు ఈ కోవలోవే.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇంకో చిక్కు ఉండేది, పొగ. అమెరికాలోని హోబోకెన్ స్టేషన్‌కు లింకన్ బుష్ అనే ఇంజినీరు 1900ల తొలి దశాబ్దంలో ఉక్కు, కాంక్రీటు కలిపి పొట్టి కప్పు రూపొందించి, ఇంజన్ గొట్టాల తిన్నగా పైన పొడవాటి సందులు వదిలాడు. పొగ పైకి పోయేది, జనం పొడిగా ఉండేవారు. పొగ పోయింది కానీ ఆ ఆలోచన ఇప్పటికీ పనికొస్తుంది. ట్రాక్ పైన కప్పడానికి బలమైన కారణం లేకపోతే దాన్ని ఆకాశానికే వదిలేయండి. గాలి ఆడుతుంది, కరెంటు తీగలతో పేచీ తగ్గుతుంది.

లోయలో పడే నీటి లెక్క చూద్దాం. రెండు రెక్కలు చెరి 3 మీటర్లు, నడిమి దూలం 0.6 మీటరు, స్తంభాల మధ్య 9 మీటర్లు. ఒక్కో స్తంభానికి చేరే వైశాల్యం 59 చదరపు మీటర్లు. గంటకు 100 మి.మీ. వానకు సెకనుకు 1.65 లీటర్లు. 100 మి.మీ. గొట్టం దీన్ని తేలిగ్గా మింగుతుంది. మింగనిది ఆకులను, పక్షి గూళ్లను, గాలికి ఎగిరివచ్చిన సంచులను. గొట్టం మూసుకుపోతే లోయలో నిలిచే నీరు ప్రతి సెంటీమీటరు లోతుకు చదరపు మీటరుకు పది కిలోల బరువు. అందుకని లోయ కొసల్లో గొట్టం నోటి కన్నా కాస్త ఎత్తున పొర్లు రంధ్రాలు పెట్టండి. అక్కడి నుంచి నీరు కారుతూ కనిపిస్తే గొట్టం మూసుకుందని స్టేషన్ సిబ్బందికి కింది నుంచే తెలుస్తుంది.

గొట్టాన్ని స్తంభం కడుపులో పోసేయాలన్న కోరిక వాస్తుశిల్పులకు ఉంటుంది. ఒప్పుకోకండి. స్తంభం కోత తగ్గుతుంది, గొట్టం చిల్లు పడితే లోపలి కడ్డీలు ఎవరికీ కనపడకుండా తుప్పు పడతాయి. స్తంభం ముఖంలో గాడి వదిలి, దానికి తీసి పెట్టుకునే మూత ఇస్తే అందమూ ఉంటుంది, శుభ్రం చేయడమూ కుదురుతుంది.

7. రెక్క లెక్క

మూడు మీటర్ల కాంటిలివర్, అంటే ఒక కొసే ఆధారం, రెండో కొస గాలిలో ఉండే పలక. ఆధారం ఉన్న మొదట్లో 300 మి.మీ. మందం, కొసన 120. ఒక మీటరు వెడల్పు పట్టీ తీసుకోండి. సొంత బరువు మొదట్లో 7.5, కొసన 3 కిలోన్యూటన్లు. దీని మూమెంట్ 20. నీరు ఇంకకుండా వేసే పూతకు అర, పైకెక్కే మనుషులకు ముప్పావు కలిపి చదరపు మీటరుకు 1.25 అనుకుంటే మరో 5.6. మొత్తం 26 కిలోన్యూటన్ మీటర్లు, 1.5 భద్రతా గుణకంతో 39. మంచు పడే చోట దాని బరువును విడిగా కలపాలి.

45 మి.మీ. కవర్ (కడ్డీని కప్పే కాంక్రీటు మందం), 12 మి.మీ. కడ్డీ తీసుకుంటే, కాంక్రీటు అడుగు నుంచి కడ్డీ మధ్య దాకా 249 మి.మీ. లోతు వస్తుంది. కావలసిన ఉక్కు, 500 గ్రేడు కడ్డీలతో, మీటరు వెడల్పుకు 400 చదరపు మి.మీ. 12 మి.మీ. కడ్డీలు 200 మి.మీ. దూరంలో వేస్తే 565 దొరుకుతుంది. ఇది పైభాగంలో ఉండాల్సిన ఉక్కు అని గుర్తుచేస్తున్నాను. కాంటిలివర్‌లో లాగుడు పైన ఉంటుంది.

కాగితం మీద ఇంతే. సైటులో ఏమవుతుందో చూడండి. కడ్డీలు కట్టాక, కాంక్రీటు పోసే రోజున పదిమంది వాటి మీద నడుస్తారు. గొట్టం మోస్తారు, వైబ్రేటర్ లాగుతారు. బలమైన కుర్చీ కడ్డీలు లేకపోతే పై జాలీ 50 మి.మీ. కిందికి కుంగుతుంది. 249 కాస్తా 199 అవుతుంది. బలంలో ఐదో వంతు పోయింది, ఎవరూ చూడలేదు. అంతేకాదు, పై ముఖాన పగుళ్లు వెడల్పవుతాయి, వాన నీరు నిలిచేది ఆ ముఖం మీదే. కాబట్టి కుర్చీల వ్యాసం, ఎడం డ్రాయింగులో రాయండి. నడవడానికి కడ్డీలకు తగలని పలకల దారి వేయించండి. పోసేటప్పుడు ఒక మనిషి చేతిలో కొలత పుల్ల పెట్టి, జాలీ లోతు చూడటమే పనిగా నిలబెట్టండి.

కొస వంగడాన్ని విడిగా చూడాలి. భారత కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 కాంటిలివర్‌కు పొడవు, లోతుల నిష్పత్తిని 7తో మొదలుపెట్టి, ఉక్కు తక్కువ ఒత్తిడిలో ఉంటే పెంచుకోనిస్తుంది. మన రెక్కకు నిష్పత్తి 12. ఉక్కు అవసరానికి మించి వేశాం కాబట్టి నెగ్గుతుంది, కానీ చాలా తీరిగ్గా కాదు. ఏళ్లు గడిచేకొద్దీ కాంక్రీటు కుంగుతూనే ఉంటుంది, మొదటి రోజు వంపు రెండు మూడు రెట్లవుతుంది. సెంట్రింగులోనే కొసను ఆ మేరకు పైకెత్తి పోయండి. సీతాకోకచిలుక కప్పులో కొస కుంగితే లోయ వాలు చదునైపోయి, నీరు రెక్క మీదే నిలుస్తుంది.

ఇప్పుడు గాలి. సెకనుకు 40 మీటర్ల గాలికి ఒత్తిడి చదరపు మీటరుకు 960 న్యూటన్లు. ఖాళీ కప్పు కింద గాలి దూసుకుపోతుంది. అదే ప్లాట్‌ఫారానికి రైలు వచ్చి ఆగితే గాలి దారి మూసుకుపోయి, కప్పును కింది నుంచి లేపుతుంది. కోడ్‌లో ‘కింద అడ్డు ఉన్నప్పుడు’ అని ఉండే గుణకాన్ని వదిలేయకండి, మీ అడ్డు రోజూ టైంటేబుల్ ప్రకారం వస్తుంది. మన రెక్క సగటు బరువు 5 కిలోన్యూటన్లు దాటింది కాబట్టి ఈ లేపుడుకు చలించదు. రేకుల కప్పు అయితే బరువు పావు కిలోన్యూటన్ దగ్గర ఉంటుంది, దాని బోల్టులే దాన్ని పట్టుకోవాలి. ఆగకుండా వేగంగా దూసుకుపోయే రైళ్లుంటే మరో లెక్క ఉంది. రైలు ముక్కు ముందు ఒత్తిడి, వెనువెంటనే పీల్పు, వేగం వర్గంతో పెరుగుతాయి. కాంక్రీటును అవి ఏమీ చేయలేవు. దానికి వేలాడదీసిన దీపాలు, బోర్డులు, లోకప్పు పలకల మేకులను మాత్రం లక్షల సార్లు ఊపి వదులు చేస్తాయి.

8. స్తంభాలు

కాంక్రీటు కప్పు గాలిని గెలిచిన బరువుతోనే భూకంపానికి లోకువవుతుంది. ఒక్కో స్తంభం మీద కప్పు, దూలం కలిపి సుమారు 400 కిలోన్యూటన్లు. అందులో పదో వంతు పక్కకు తోస్తే, 4.5 మీటర్ల స్తంభం అడుగున 180 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్. ఒక రెక్క మీదే 40 మీటర్ల గాలి నొక్కితే వచ్చేది 47 మాత్రమే. బరువంతా తల మీద పెట్టుకుని ఒంటికాలిపై నిలబడిన ఈ కట్టడాన్ని కోడ్‌లు తలకిందులైన లోలకం అంటాయి, దానికి రాయితీ ఇవ్వవు. ఐరోపా భూకంప కోడ్ అయిన యూరోకోడ్ 8లో మామూలు కాంక్రీటు చట్రాలకు భూకంప బలాన్ని భాగించుకోనిచ్చే తగ్గింపు గుణకం మూడుకు పైగా ఉంటే, వీటికి మధ్య స్థాయి సాగుడు (విరగకుండా వంగే గుణం) తరగతిలో ఒకటిన్నరే. స్తంభం అడుగున రింగులను దగ్గర దగ్గరగా, కొనలను లోపలికి 135 డిగ్రీలు మడిచి వేయండి. ట్రాక్ పొడవునా నడిమి దూలం స్తంభాలను కలిపి చట్రంలా పనిచేస్తుంది కాబట్టి ఆ దిశలో బెంగ తక్కువ. అడ్డంగా మాత్రం ఒంటరి స్తంభమే దిక్కు.

స్తంభం అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు చక్రాల కుర్చీతో సహా తప్పుకుని పోవాలి, కాబట్టి రెండున్నర మీటర్లకు తగ్గకపోతే మేలు. రెండోది పట్టాలు తప్పిన రైలు. యూరోకోడ్‌లో జనం గుమికూడే కట్టడాల ఆధారాలకు, ట్రాక్ మధ్యరేఖ నుంచి 3 నుంచి 5 మీటర్ల లోపు ఉంటే, ట్రాక్ దిశలో 4000, అడ్డంగా 1500 కిలోన్యూటన్ల తాకిడి బలం సూచించారు. గట్టి ప్లాట్‌ఫారం అడ్డుంటే తగ్గించుకోవచ్చు. 450 మి.మీ. స్తంభం ఆ బలానికి నిలవదు. అయితే ఒక స్తంభం పోయినా కప్పు మొత్తం పేకముక్కల్లా కూలకుండా నడిమి దూలం కింది కడ్డీలను స్తంభాల మీదుగా తెంపకుండా కొనసాగించవచ్చు. ఖర్చు చాలా తక్కువ.

పునాదులను గోడ పునాదితో కలపకండి, కలపాల్సి వస్తే పూర్తిగా కలిపి ఒకటిగా లెక్కించండి. సగం సగం కలిస్తే రెండూ వేర్వేరుగా కుంగి, గచ్చు స్తంభం చుట్టూ వలయంలా పగులుతుంది.

9. కరెంటు

విద్యుత్ లైనైతే ఈ మెట్టును కప్పు ఎత్తు తేల్చకముందే ఆ విభాగంతో కూర్చుని ముగించాలి. తీగ నుంచి కాంక్రీటుకు ఉండాల్సిన దూరం ఒకటి, కప్పు మీద శుభ్రం చేయడానికి ఎక్కే మనిషికి ఉండాల్సిన దూరం మరొకటి. రెండోదే చాలా ఎక్కువ, జనం మర్చిపోయేదీ అదే. తెగిన తీగ కప్పు మీద పడొచ్చు, అందుకే కప్పులోని కడ్డీలను, లోహపు భాగాలను ఎర్తింగ్ ద్వారా కలపాలి. కాంక్రీటు పోశాక ఆ కడ్డీ దొరకదు కాబట్టి, ఏ కడ్డీలను వెల్డింగ్‌తో కలపాలో, ఎర్త్ పలక ఎక్కడ బయటికి రావాలో ముందే గుర్తించండి. డీసీ లైన్లలో నేరుగా పట్టాలకు కలిపితే దారితప్పిన కరెంటు కడ్డీలను తినేస్తుంది. అక్కడ నిపుణుడి మాట వినండి.

10. పోయడం, విప్పడం

బయటి వాతావరణానికి తెరిచి ఉన్న కట్టడం కాబట్టి కాంక్రీటులో పొదుపు చేయకండి. ఐఎస్ 456 తీవ్రమైన వాతావరణానికి ఎం30 గ్రేడు, 45 మి.మీ. కవర్, నీరు సిమెంటు నిష్పత్తి 0.45కు మించకుండా అడుగుతుంది. చూరు కింది ముఖంలో కొసకు దగ్గరగా ఒక సన్నని గాడి వదలండి. నీరు ఆ గాడి దాటి వెనక్కి పాకలేక అక్కడే రాలిపోతుంది. ఈ గాడి మర్చిపోయిన కప్పుల అడుగు ఏడాదికే నల్లటి చారలతో నిండుతుంది.

రెండు రెక్కలను ఒకేసారి, సమంగా పోయించండి. ఒక వైపు ముగించి రెండో వైపు వెళితే పచ్చి కాంక్రీటు బరువంతా స్తంభాన్ని, సెంట్రింగును ఒక పక్కకు ఒరగదోస్తుంది. విప్పేటప్పుడు కూడా రెండు వైపులా కలిసి, కొస నుంచి స్తంభం వైపు రావాలి. మొదట్లోని పోటు కర్రలు ముందు తీసి కొసవి ఉంచితే, రెక్క కాసేపు రెండు ఆధారాల మీది స్లాబులా ప్రవర్తిస్తుంది. అడుగున లాగుడు వస్తుంది, అక్కడ మీరు ఉక్కు వేయలేదు.

విప్పిన రోజున కొసల మట్టాలు రాసిపెట్టుకోండి. నెలకు, ఏడాదికి మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి అవి కావాలి. తర్వాత ట్రాక్‌ను కొత్తగా కొలిపించి, అంచు పలకలు అమర్చండి. గుర్తు పలకల మీద అంకెలు రాయించండి. ఆపైన మొదటి పెద్ద వాన కోసం ఆగి, గొడుగుతో వెళ్లి ఓ గంట కప్పు కింద నిలబడండి. లోయ గొట్టాలన్నీ గలగలమంటున్నాయా, పొర్లు రంధ్రాలు పొడిగా ఉన్నాయా, జాయింట్ల కింద గచ్చు మీద తడి చుక్క ఉందా, జల్లు ఎంత దూరం లోపలికి కొడుతోంది అన్నవి చూసి, తడిసిన గీతను సుద్దతో గుర్తుపెట్టండి. బెంచీలను ఆ గీతకు ఇవతలే బిగించాలి.